వారంటీ అయిపోయిన నాలుగు నెలలకే పికప్ క్యాబిన్‌లో అన్నీ పాడవుతున్నాయి, ఏం చేయాలి?

పల్నాడు_పికప్ | నరసరావుపేట | 11 మే 2025, రాత్రి 9:40

అన్నలకు, అక్కలకు నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే తప్ప రాసింది లేదు. ఇప్పుడు దారి తోచక రాస్తున్నాను.

2022 జనవరిలో కొత్త పికప్ తీసుకున్నాను. ఆన్‌రోడ్ 9 లక్షల 40 వేలు పడింది. ఇంకా 14 కిస్తీలు కట్టాలి. బండి నేనే నడుపుకుంటాను. సీజన్‌లో మిర్చి టిక్కీలు (బస్తాలు) గుంటూరు యార్డుకి వేస్తాను, మిగతా రోజుల్లో ఎరువులు, కూరగాయలు, ఏ కిరాయి దొరికితే అది. ఇప్పటికి 81,000 కిలోమీటర్లు తిరిగింది. ఇంజిన్‌కి, గేర్‌బాక్సుకి వంక పెట్టను. మైలేజీ కూడా మొదటి రోజు ఎలా ఉందో అలాగే ఉంది.

నా బాధంతా క్యాబిన్ లోపలే. ముందు అద్దం కింద గాలి వచ్చే జాలీ ఉంటుంది కదా, దాని కుడి మూల నుంచి డ్యాష్‌బోర్డు పగిలింది. మొదట వెంట్రుకంత గీత. ఇప్పుడు జానెడు పొడవైంది, అంచులు పైకి లేచాయి. టాప్ లైనింగ్ జారి తలకు తగులుతోంది. డ్రైవర్ వైపు గ్లాస్ మెషిన్ పోయింది. హ్యాండిల్ తిరుగుతుంది, అద్దం మాత్రం లేవదు. అన్నిటికంటే సీటుతో ప్రాణం పోతోంది. ఎడమ పక్కకు ఒరిగిపోయింది, గుంతలో పడ్డప్పుడల్లా కిర్రుమంటుంది. యార్డు నుంచి తిరిగొచ్చేసరికి నడుము పట్టేస్తోంది.

వారంటీ మూడేళ్లు లేదా లక్ష కిలోమీటర్లు. మూడేళ్లు జనవరిలో అయిపోయాయి. షోరూంలో అడిగితే ఎస్టిమేట్ చేతిలో పెట్టారు: డ్యాష్‌బోర్డు 16,200, సీటు మొత్తం 13,500, గ్లాస్ మెషిన్ 1,450, టాప్ లైనింగ్ 4,300, లేబర్ 5,000. అంతా కలిపి 40,450 రూపాయలు. నాలుగు నెలల ముందు వచ్చి ఉంటే చూసేవాళ్లమన్నారు.

గొడవ పెట్టుకోవాలని లేదు కాబట్టి కంపెనీ పేరు రాయడం లేదు. వారంటీ అయిపోయాక ఇక అడిగే హక్కే లేదా? తెలిసినవాళ్లు చెప్పండి.

---

ఓరుగల్లు_లోడింగ్ | వరంగల్ | 11 మే 2025, రాత్రి 10:15

తమ్మీ, నాకు నాలుగు బళ్లున్నాయి. నా అనుభవం చెప్తున్నా, షోరూం చుట్టూ తిరగడం బంద్ పెట్టు. ఒక్కరోజు బండి ఆగితే రెండున్నర వేలు పోతాయి. నాలుగు సార్లు తిప్పించుకున్నారంటే పదివేలు అక్కడే లెక్క. సీటు బయట చేయించుకో, డ్యాష్‌బోర్డు మీద కవర్ వేసుకో, కిరాయిలు చూసుకో. లోడు బండికి లోపల అందం ఎందుకు?

---

మదనపల్లె_టమాటా | మదనపల్లె | 11 మే 2025, రాత్రి 11:02

అన్నా, మీ మీద గౌరవంతోనే చెప్తున్నా. సీటు అందం కాదు. నేను రోజుకు పది గంటలు అదే సీట్లో కూర్చుంటాను. తెల్లవారుజామున మూడింటికి మార్కెట్‌కి బయల్దేరితే మధ్యాహ్నం దాకా దిగేది ఉండదు. సీటు ఒక పక్కకు వంగితే నడుము కూడా ఆ పక్కకే వంగుతుంది. రెండేళ్లుగా ఫిజియోథెరపీ చేయించుకుంటున్నాను, అందుకే తెలుసు.

తమ్ముడూ, నీ సీటు ఎడమ పక్కకే ఒరిగిందా? హ్యాండ్‌బ్రేక్ వైపా? నాదీ అటే ఒరిగింది. నాది 2022 మార్చి బండి. నీ డ్యాష్‌బోర్డు ఫోటో ఒకటి పెడతావా?

---

పల్నాడు_పికప్ | నరసరావుపేట | 12 మే 2025, ఉదయం 6:20

ఫోటోలు పెట్టాను అక్కా, చూడండి. అవును, హ్యాండ్‌బ్రేక్ వైపే.

వరంగల్ అన్నా, మీరన్నది నిజమే, రోజు పోతే కిరాయి పోతుంది. కానీ 40 వేలు నాకు మూడు కిస్తీల డబ్బు.

---

మదనపల్లె_టమాటా | మదనపల్లె | 12 మే 2025, ఉదయం 7:05

నా ఫోటో కూడా కింద పెట్టాను. రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. నీది పల్నాడు ఎండ, మాది మదనపల్లె, ఇక్కడ ఎండ అంత ఉండదు. అయినా ఇద్దరికీ అదే జాలీ, అదే కుడి మూల!

---

ఆటోనగర్_సీట్లు | విజయవాడ | 12 మే 2025, మధ్యాహ్నం 1:30

నేను ఆటోనగర్‌లో 22 ఏళ్లుగా సీట్లు, లైనింగులు చేస్తున్నాను. అన్నం తిని కూర్చుని రాస్తున్నాను, కాస్త పెద్దదవుతుంది.

బాబూ, సీటు ఒరగడానికి కారణాలు రెండు. ఒకటి ఫోమ్ కూర్చుకుపోవడం. అది సహజం. రోజూ ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు డోర్ పక్క అంచు మీదే బరువు పడుతుంది కాబట్టి ఫోమ్ ముందు కుడి పక్కే అణుగుతుంది. నీది ఎడమ పక్క, అదీ హ్యాండ్‌బ్రేక్ వైపు ఒరిగిందంటే నాకు ఫోమ్ మీద అనుమానం లేదు. కింద ఫ్రేము చూడాలి.

ఇలా చెయ్యి. సీటు ముందుకు లాగి వెనక రెండు బోల్టులు, వెనక్కి తోసి ముందు రెండు బోల్టులు విప్పు. సీటు కింద వైర్ కనెక్టర్ ఉంటే బ్యాటరీ నెగెటివ్ తీసేశాకే దాన్ని ఊడదియ్యి. సీటు బయట తలకిందులుగా పెట్టు. స్లైడింగ్ పట్టాకి ఫ్రేము కలిసే చోట వెల్డింగ్ అతుకు ఉంటుంది. దాన్ని గుడ్డతో బాగా తుడిచి, కాస్త డీజిల్ పూసి పది నిమిషాలు వదిలెయ్యి. తర్వాత పొడిగుడ్డతో చుక్క లేకుండా తుడిచేసి, పైన సుద్ద రుద్దు. సుద్ద లేకపోతే ముగ్గుపిండి చల్లినా సరిపోతుంది. పగులు ఉంటే లోపలికి దిగిన డీజిల్ మెల్లగా పైకి వచ్చి ఆ తెల్లటి పిండి మీద సన్నటి తడి గీతలా కనిపిస్తుంది. కంటికి ఆనని పగులు కూడా దీంతో దొరుకుతుంది. మా గురువుగారు నేర్పిన పద్ధతి ఇది.

పగులు కనిపిస్తే మాత్రం పక్కన వెల్డింగ్ షాపుకి తీసుకెళ్లి టాకా వేయించకు. నీ మోడల్‌లో సీటు బెల్టు బకిల్ ఆ ఫ్రేముకే బిగించి ఉందో, ఫ్లోరుకి బిగించి ఉందో ముందు చూడు. ఫ్రేముకే ఉంటే ప్రమాదంలో నీ బరువంతా ఆ అతుకు మీదే పడుతుంది. వేడి తగిలిన రేకు బలం తగ్గిపోతుంది. నా దగ్గరికి తెచ్చినా అలాంటిది నేను చేయను, ఫ్రేము మార్చుకోమనే చెప్తాను.

---

పల్నాడు_పికప్ | నరసరావుపేట | 12 మే 2025, రాత్రి 8:50

బాబాయ్, మీరు చెప్పినట్టే చేశాను. మా ఆవిడ ముగ్గుడబ్బా తెచ్చిచ్చింది. ఎడమ పట్టా వెనక అతుకు దగ్గర రెండు అంగుళాల తడి గీత వచ్చింది. ఒక చివర తుప్పు రంగు కూడా ఉంది. ఫోటో పెట్టాను. బకిల్ ఫ్రేముకే ఉంది.

ఇన్నాళ్లూ మా అబ్బాయిని ఒళ్లో కూర్చోబెట్టుకుని స్టీరింగ్ పట్టించేవాడిని. ఆ గీత చూశాక ఒళ్లు జలదరించింది. ఇక ఆ పని చేయను.

---

ఆటోనగర్_సీట్లు | విజయవాడ | 12 మే 2025, రాత్రి 9:10

అంచున తుప్పు పట్టిందంటే ఆ పగులు నిన్న మొన్నటిది కాదు. నెలల నుంచి ఉండొచ్చు. వారంటీలో ఉండగానే మొదలై ఉండొచ్చు. తుప్పు ఫోటో దగ్గర నుంచి ఇంకోటి తియ్యి, పక్కన స్కేలు పెట్టి. ఆ చోటు గీకవద్దు, పెయింట్ వేయవద్దు.

---

వినియోగ_న్యాయం | గుంటూరు | 13 మే 2025, ఉదయం 8:15

నేను అడ్వకేట్‌ని, వినియోగదారుల కేసులు చూస్తాను. తమ్ముడూ, కొన్ని ప్రశ్నలకు జవాబు చెప్పు. ఈ బండి తప్ప నీకు ఇంకో బండి ఉందా? డ్రైవర్‌ని పెట్టావా? సీటు చప్పుడు గురించి వారంటీలో ఉండగా ఎప్పుడైనా షోరూంలో చెప్పావా? చెప్పి ఉంటే జాబ్ కార్డులో, అంటే బండి సర్వీసుకి ఇచ్చినప్పుడు షోరూం వాళ్లు రాసే కాగితంలో, రాశారా? సర్వీసు బిల్లులు, జాబ్ కార్డులు అన్నీ ఒకచోట ఉన్నాయా?

---

పల్నాడు_పికప్ | నరసరావుపేట | 13 మే 2025, మధ్యాహ్నం 2:40

ఒక్కటే బండి మేడమ్. నేనే నడుపుతాను. సీజన్‌లో లోడింగ్‌కి ఒక కుర్రాడు వస్తాడు, అంతే.

కాగితాలన్నీ అమ్మ బీరువాలో పెట్టింది. ఇప్పుడే తీసి చూశాను. 2024 ఆగస్టు సర్వీసులో సీటు చప్పుడు వస్తోందని చెప్పినట్టు నాకు గుర్తు. జాబ్ కార్డులో ‘కస్టమర్ కంప్లైంట్: డ్రైవర్ సీటు నాయిస్’ అని ఉంది, దాని ఎదురుగా ‘చెక్డ్, ఓకే’ అని రాశారు. డ్యాష్‌బోర్డు గీత గురించి కూడా నోటితో చెప్పాను. అడ్వైజర్ చూసి, ఎండకి అలాగే వస్తుంది, ఏం కాదన్నాడు. దాన్ని ఎక్కడా రాయలేదు.

---

వినియోగ_న్యాయం | గుంటూరు | 13 మే 2025, రాత్రి 9:30

ఆ ‘సీటు నాయిస్’ అన్న రెండు మాటలే నీకు ఆధారం. కాగితం జాగ్రత్త. ఇప్పుడే ఫోటో తీసి రెండుచోట్ల దాచుకో.

వారంటీ అయిపోయాక అడిగే హక్కు లేదన్నది పూర్తిగా నిజం కాదు. వారంటీ కాలంలోనే ఉన్న లోపాన్ని, వారంటీ కాలంలోనే నువ్వు చెప్పినా సరిగ్గా చూడకపోతే, గడువు దాటింది కాబట్టి మాకు సంబంధం లేదని వాళ్లు సులువుగా అనలేరు. సీటు ఫ్రేము ఈ లెక్కలోకి వస్తుంది. డ్యాష్‌బోర్డుకి అంత బలం లేదు, కారణం రాతలో లేకపోవడమే. లైనింగ్, గ్లాస్ మెషిన్ అరుగుదల కింద పోతాయి, వాటి మీద ఆశ పెట్టుకోవద్దు.

ఒంటరి బండి గురించి ఎందుకు అడిగానంటే, వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం వ్యాపార ప్రయోజనం కోసం కొన్నవాళ్లు వినియోగదారులు కారు. అయితే స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసమే కొని సొంతంగా వాడుకునేవాళ్లకు మినహాయింపు ఉంది. 2(7) సెక్షన్ వివరణలో అది స్పష్టంగా రాసి ఉంది. నీ బండి నువ్వే నడుపుకుంటున్నావు కాబట్టి నువ్వు వినియోగదారుడివే. అవతలి లాయరు మొదట పట్టుకునే పాయింటు ఇదే. లైసెన్సు, కిరాయి రసీదులు ఉంచుకో.

కేసు వేయాల్సి వస్తే గడువు రెండేళ్లు. షోరూం ఎక్కడున్నా నువ్వు ఉండే జిల్లాలోనే వేసుకోవచ్చు. ఫీజు బండికి కట్టిన ధరను బట్టి ఉంటుంది. 5 లక్షల వరకు ఏమీ లేదు, 5 నుంచి 10 లక్షల వరకు 200 రూపాయలు. ఈ జనవరి నుంచి ఇ-జాగృతి పోర్టల్లో ఆన్‌లైన్‌లోనే వేయొచ్చు.

కానీ నా సలహా, వెంటనే కేసు వద్దు. లోపాన్ని రుజువు చేయాల్సింది నువ్వే, ల్యాబ్ పరీక్ష అవసరమైతే నెలలు పడుతుంది. ముందు కంపెనీకి రాతపూర్వకంగా అడుగు. షోరూంకి కాదు, కంపెనీకి.

---

ఓరుగల్లు_లోడింగ్ | వరంగల్ | 13 మే 2025, రాత్రి 10:05

మేడమ్, అయితే నాలుగు బళ్లున్న నాకు ఈ చట్టం పనికిరాదా? నేను కూడా ఒక బండి నడుపుతాను. మిగతా మూడింటికి డ్రైవర్లున్నారు.

---

వినియోగ_న్యాయం | గుంటూరు | 13 మే 2025, రాత్రి 10:20

కష్టమే అన్నగారూ. మీది వ్యాపారమని వాదిస్తారు, ఆ వాదన నిలిచే అవకాశమే ఎక్కువ. కానీ కంపెనీని అడగడానికి ఏ చట్టమూ అక్కర్లేదు. నాలుగు బళ్లు కొన్న కస్టమర్‌ని వాళ్లు వదులుకోరు. అడగడంలో మీకే బలం ఎక్కువ.

---

డల్లాస్_నల్గొండ | డల్లాస్, టెక్సాస్ | 14 మే 2025, ఉదయం 5:50

మాది నల్గొండ, ఇక్కడ పన్నెండేళ్లుగా ఉంటున్నాను. నాకూ పికప్ ఉంది. ఇక్కడి వేసవి మన రెంటచింతల ఎండకు తీసిపోదు. నా బండి డ్యాష్‌బోర్డు నాలుగో ఏడాదిలో స్టీరింగ్ ముందు నుంచి చీలింది. ఇక్కడ మామూలు వారంటీ మూడేళ్లు లేదా 36,000 మైళ్లు, నాది అప్పటికే దాటిపోయింది.

వారంటీ లేకపోయినా కంపెనీ తన ఇష్టంతో ఖర్చు పెట్టుకునే పద్ధతి ఒకటుంది. ఇక్కడ దాన్ని గుడ్‌విల్ అంటారు. డీలర్ తనంతట తాను చెప్పడు, మనమే అడగాలి. నేను గట్టిగా మాట్లాడలేదు. సర్వీసులన్నీ వాళ్ల దగ్గరే చేయించిన బిల్లులు పెట్టి, ఇదే మోడల్‌కి ఇదే చోట ఎంతమందికి పగిలిందో చూపించి, సగం మీరు పెట్టుకోండని అడిగాను. రెండుసార్లు కాదన్నారు. మూడోసారి కంపెనీ కస్టమర్ కేర్ నుంచి ఒప్పుకున్నారు.

ఇంకోటి కూడా చెప్తాను, ఇది అందరికీ తెలిసిన సంగతే. టొయోటా కేమ్రీ 2007 నుంచి 2011 మోడళ్లతో పాటు ఇంకొన్ని కార్లలో డ్యాష్‌బోర్డులు వేడికి, తేమకి జిగురుగా మారి పగిలాయి. చాలామంది ఫిర్యాదు చేశాక ఆ భాగానికి మాత్రం ప్రత్యేకంగా గడువు పెంచి, మామూలు వారంటీ దాటినవాళ్లకు కూడా ఉచితంగా మార్చారు. ఒక్కడు అడిగితే ఎండ వల్ల అంటారు. వందమంది ఒకే ఫోటో పంపితే అది పదార్థం లోపమని వాళ్లకీ అర్థమవుతుంది. మదనపల్లె అక్కయ్య పెట్టిన ఫోటో అందుకే చాలా విలువైంది.

---

ఖమ్మం_కుర్రాడు | ఖమ్మం | 14 మే 2025, ఉదయం 9:15

నాదీ అదే మోడల్, 2022 జూన్. వారంటీ ఇంకో నెలన్నర ఉంది. ఇది చదివి వెళ్లి చూస్తే జాలీ మూల దగ్గర వెంట్రుకంత గీత ఉంది. నాకూ అదే వస్తుందా?

---

వినియోగ_న్యాయం | గుంటూరు | 14 మే 2025, ఉదయం 9:40

ఇవాళే వెళ్లు. గీత చిన్నదే కదా అని ఆగవద్దు. జాబ్ కార్డులో ఆ మాట నీ ఎదుటే రాయించు, తేదీ చూసుకో, కాపీ తీసుకో. పార్టు లేదు, రెండు నెలలు పడుతుందన్నా పర్వాలేదు. నువ్వు చెప్పిన తేదీ వారంటీ లోపల ఉండటమే ముఖ్యం.

---

ఆటోనగర్_సీట్లు | విజయవాడ | 14 మే 2025, మధ్యాహ్నం 1:45

ఖమ్మం బాబూ, వాటర్ సర్వీసింగ్ షాపులో డ్యాష్‌బోర్డు మీద నూనెలా మెరిసే పాలిష్ కొట్టించే అలవాటుంటే మానెయ్యి. షోరూం వాళ్లు ముందు దాన్నే కారణంగా చూపిస్తారు. తడిగుడ్డతో తుడిస్తే చాలు.

ఎండ సంగతి కూడా చెప్తాను. అద్దాలు మూసి ఎండలో పెట్టిన బండిలో డ్యాష్‌బోర్డు పైభాగం చెయ్యి పెట్టలేనంత కాలుతుంది, 70 డిగ్రీలు దాటుతుంది. రాత్రికి చల్లారుతుంది. రోజూ సాగడం, ముడుచుకోవడం. ప్లాస్టిక్‌లో మెత్తదనం ఇచ్చే పదార్థం కొంచెం కొంచెంగా పోయి గట్టిబడుతుంది. అప్పుడు ఎక్కడ మూల ఉంటే అక్కడే చీలుతుంది. మంచి ప్లాస్టిక్‌కి పదేళ్లు పట్టేది, నాసిరకానికి మూడేళ్లు చాలు. నా షాపుకి పదిహేనేళ్ల పాత పికప్‌లు వస్తాయి, డ్యాష్‌బోర్డు చెక్కుచెదరదు. అవీ ఈ ఎండలోనే తిరిగాయి కదా.

---

పల్నాడు_పికప్ | నరసరావుపేట | 14 మే 2025, రాత్రి 8:30

యార్డు దగ్గర లైన్‌లో ఉంటే ఒక్కోరోజు ఏడెనిమిది గంటలు ఎండలోనే. మిర్చి ఘాటుకి అద్దాలు ఎత్తుకునే కూర్చోవాలి, దించితే కళ్లు మండిపోతాయి. ఏసీ లేదు. లారీ క్యాబిన్లకు అక్టోబరు నుంచి ఏసీ తప్పనిసరి అంటున్నారు, మన బళ్లకు కూడా వస్తుందా?

---

ఓరుగల్లు_లోడింగ్ | వరంగల్ | 14 మే 2025, రాత్రి 8:55

రాదు తమ్మీ. 3.5 టన్నులు దాటిన కొత్త లారీలకే ఆ రూల్. మన చిన్న బళ్లకు లేదు.

అద్దాలకు నల్ల ఫిల్మ్ మాత్రం వేయకు. 2012లో సుప్రీంకోర్టు ఆర్డర్ వచ్చినప్పటి నుంచి పోలీసులు ఆపుతూనే ఉన్నారు. బండి ఆగినప్పుడు ముందు అద్దం లోపల వెండి రంగు అట్ట పెట్టుకో, నేను నాలుగు బళ్లకూ అదే వాడుతున్నా. మొదట్లో నేను రాసింది వెనక్కి తీసుకుంటున్నా. సీటు ఫ్రేము పగిలిందని తెలిశాక అది అందం సంగతి కాదు. మా మూడు బళ్ల సీట్లు రేపు విప్పి చూపిస్తా.

---

వినియోగ_న్యాయం | గుంటూరు | 15 మే 2025, ఉదయం 7:30

కంపెనీకి పంపాల్సిన లేఖ ఇలా ఉండాలి. మెయిల్‌లోనూ పంపు, స్పీడ్ పోస్టులోనూ పంపు.

‘నా బండి నంబరు, ఛాసిస్ నంబరు ఇవి. కొన్న తేదీ ఇది. సర్వీసులన్నీ మీ అధీకృత సర్వీస్ సెంటర్‌లోనే చేయించాను, బిల్లులు జతచేశాను. 2024 ఆగస్టులో, వారంటీ ఉండగానే, డ్రైవర్ సీటు చప్పుడు గురించి ఫిర్యాదు చేశాను, జాబ్ కార్డు జతచేశాను. అప్పుడు సరిచేయలేదు. ఇప్పుడు సీటు ఫ్రేము అతుకు పగిలింది, సీటు బెల్టు బకిల్ ఆ ఫ్రేముకే ఉంది. ఇది భద్రతకు సంబంధించిన లోపం. ఫోటోలు జతచేశాను. ఫ్రేము ఉచితంగా మార్చాలని కోరుతున్నాను. డ్యాష్‌బోర్డు పగులు ఇదే మోడల్ వాడే ఇతరులకు కూడా ఇదే చోట వచ్చింది, ఫోటోలు జతచేశాను. దాని విషయంలో కంపెనీ సానుకూలంగా పరిశీలించాలని కోరుతున్నాను. 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి.’

అంతే. కోపం మాటలు, మీడియాకి వెళ్తానన్న బెదిరింపులు పెట్టకు. చదివేది ఒక ఉద్యోగి, అతను పై అధికారికి పంపడానికి పనికొచ్చేలా ఉండాలి. భద్రత సంగతి, అందం సంగతి వేరు వేరు పేరాల్లో ఉంచు. కలిపేస్తే రెండూ అందం లెక్కలోకి పోతాయి.

15 రోజులు దాటితే 1915కి ఫోన్ చెయ్యి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడొచ్చు. వాళ్లు ఫిర్యాదు నమోదు చేసి కంపెనీకి పంపుతారు. ఇది కోర్టు కాదు, కానీ చాలా కంపెనీలు అక్కడి నుంచి వచ్చినదానికి స్పందిస్తాయి. ఏడేళ్ల లోపు వయసున్న బండిలో భద్రతకు సంబంధించిన లోపం ఉంటే ప్రభుత్వ వాహన్ పోర్టల్లో రీకాల్ (లోపమున్న బళ్లను కంపెనీ వెనక్కి పిలిచి సరిచేయడం) విభాగంలో కూడా నమోదు చేయొచ్చు. మదనపల్లె అక్క ఫ్రేము కూడా పగిలి ఉంటే ఇద్దరూ అక్కడ రాయండి.

---

మదనపల్లె_టమాటా | మదనపల్లె | 16 మే 2025, రాత్రి 9:20

విప్పించి చూశాను. నాది ఇంకా పగలలేదు, అతుకు పక్కన రేకు వంగింది. ఫోటో పెట్టాను. నేను కూడా రాస్తాను.

---

పల్నాడు_పికప్ | నరసరావుపేట | 4 జూన్ 2025, రాత్రి 9:10

ఇన్ని రోజులు రాయనందుకు క్షమించండి. లేఖ 16న పంపాను. 23న షోరూం మేనేజర్ ఫోన్ చేసి, కంపెనీ వరకు ఎందుకు వెళ్లారు, మాకు చెప్తే సరిపోయేది కదా అన్నాడు. చెప్పాను కదా సార్, జాబ్ కార్డు ఉంది కదా అన్నాను. ఇంకేం మాట్లాడలేదు.

29న కంపెనీ ఏరియా ఇంజనీర్ వచ్చాడు. నేను బండి దగ్గరే నిలబడ్డాను. ముందు డ్యాష్‌బోర్డు చూసి ఎండ అన్నాడు. మదనపల్లె అక్క ఫోటో, ఖమ్మం తమ్ముడి ఫోటో ఫోన్‌లో చూపించాను. కాసేపు ఊరుకుని, ఆ రెండు ఫోటోలు తన నంబరుకి పంపమన్నాడు. తర్వాత సీటు విప్పించాడు. పగులు మీద గోరు పెట్టి గీసి చూశాడు, తుప్పు దగ్గర ఆగాడు. ‘ఈ బండి ఇలా నడపకండి’ అన్నాడు. అప్పుడు నాకు నమ్మకం కలిగింది. రిపోర్టు పంపిస్తానన్నాడు.

---

వినియోగ_న్యాయం | గుంటూరు | 4 జూన్ 2025, రాత్రి 9:45

అతను ఆ మాట అన్నాడని తేదీ, సమయంతో సహా ఒక మెయిల్ రాసి వాళ్లకే పంపు. మర్యాదగానే, ‘మీరు ఇచ్చిన సూచన ప్రకారం బండి ఆపాను’ అని రాయి.

ఉచితంగా చేస్తామంటే ఒక కాగితం మీద సంతకం అడుగుతారు. లోపమే లేదని కానీ, ఇకపై ఏ క్లెయిమూ చేయనని కానీ అందులో ఉంటే సంతకం పెట్టే ముందు నాకు చూపించు. పాత ఫ్రేము వాళ్లు తీసుకెళ్తారు కాబట్టి ఇచ్చే ముందు అన్ని వైపుల నుంచి వీడియో తియ్యి.

---

పల్నాడు_పికప్ | నరసరావుపేట | 19 జూన్ 2025, రాత్రి 8:15

పని అయింది. అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను.

సీటు ఫ్రేము, పట్టాలు కంపెనీ ఉచితంగా మార్చింది, లేబర్ కూడా వాళ్లదే. డ్యాష్‌బోర్డుకి పార్టు ధరలో సగం వాళ్లు పెట్టుకున్నారు. నాకు 8,100, బిగించడానికి 2,000 పడ్డాయి. లైనింగ్, గ్లాస్ మెషిన్ కాదన్నారు. ఆ రెండూ ఆటోనగర్ బాబాయ్ దగ్గర చేయించాను. మెషిన్ 700, లైనింగ్ 1,200. మొత్తం 12,000తో బయటపడ్డాను. బండి ఎనిమిది రోజులు ఆగింది. అది నష్టమే, కానీ ఇప్పుడు మిర్చి సీజన్ కాదు కాబట్టి తట్టుకున్నాను.

కాగితంలో ‘పూర్తి పరిష్కారంగా అంగీకరిస్తున్నాను’ అని ఉంది. మేడమ్ చెప్పినట్టు ‘సీటు ఫ్రేము, డ్యాష్‌బోర్డు వరకు మాత్రమే’ అని చేత్తో రాసి సంతకం పెట్టాను. వాళ్లు కాదనలేదు.

---

ఆటోనగర్_సీట్లు | విజయవాడ | 19 జూన్ 2025, రాత్రి 9:00

లైనింగ్ సంగతి మిగతావాళ్ల కోసం రాస్తున్నాను. గుడ్డకి, అట్టకి మధ్య సన్నటి ఫోమ్ పొర ఉంటుంది. వేడికి అది పొడి అయిపోతుంది. అందుకే గుడ్డ జారుతుంది. చాలామంది సిరంజితో గమ్ము ఎక్కించి అతికిస్తారు. పొడి మీద ఏ గమ్మూ నిలవదు, నెలలో మళ్లీ జారుతుంది. అట్ట కిందికి దించి, పాత పొడి అంతా బ్రష్‌తో రాల్చేసి, వేడికి ఆగే గమ్ముతో కొత్త గుడ్డ వేస్తేనే పని.

గ్లాస్ మెషిన్ కూడా ఊరికే పోదు. అద్దం జారే రబ్బరు గాడి ఎండిపోయి పట్టేస్తే బరువంతా మెషిన్ మీద పడుతుంది. మెషిన్ మార్చి రబ్బరు వదిలేస్తే కొత్తదీ పోతుంది. గాడిలో దుమ్ము తీసి సిలికాన్ స్ప్రే కొట్టించుకోండి. గ్రీజు వద్దు, దుమ్ము పట్టి ఇంకా బిగుసుకుంటుంది.

ఎయిర్‌బ్యాగ్ ఉన్న డ్యాష్‌బోర్డుల మీద రెగ్జిన్ అతికించమని కొందరు వస్తున్నారు. ఆ మూత తెరుచుకునే చోట ఏదీ అతికించకూడదు. నేను తిప్పి పంపేస్తున్నాను, మీరూ అడగకండి.

---

ఓరుగల్లు_లోడింగ్ | వరంగల్ | 20 జూన్ 2025, ఉదయం 7:10

మా మూడు బళ్లలో ఒకదానికి అదే అతుకు దగ్గర గీత వచ్చింది. ఆ బండి డ్రైవర్‌ని అడిగితే ఆర్నెల్ల నుంచి చప్పుడు వస్తోందన్నాడు. నాకెందుకు చెప్పలేదురా అంటే, చెప్తే బండి ఆపుతారు, నా రోజు కూలి పోతుందన్నాడు. ఆ మాటకి రాత్రి నిద్ర పట్టలేదు. బండి ఆగిన రోజులకు కూడా కూలి ఇస్తానని ముగ్గురికీ చెప్పిన. లేఖ కూడా పంపిన.

---

ఖమ్మం_కుర్రాడు | ఖమ్మం | 20 జూన్ 2025, రాత్రి 10:30

మే 14నే వెళ్లి జాబ్ కార్డు రాయించాను. మొదట ‘డ్యాష్‌బోర్డు క్లీనింగ్’ అని రాశారు. నేను ఒప్పుకోలేదు. ‘డ్యాష్‌బోర్డు క్రాక్, జాలీ కుడి మూల’ అని మార్చాకే తాళం ఇచ్చాను. పార్టు ఇవాళ వచ్చిందని ఫోన్ చేశారు, సోమవారం బండి ఇస్తున్నాను. సీటు కూడా విప్పి చూపించమని అడిగాను, ఆ మాట కూడా కార్డులో రాయిస్తాను.